ఓళిగ జమాఖర్చు

(ఉగాదికి ముందు జరిగిన మన సంఘం మాసాంతర సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద సాధారణంగా కరువు భత్యం బకాయిల గురించో, వైద్య బిల్లుల గురించో మాట్లాడతారు. నన్ను మాత్రం ఓళిగల గురించి మాట్లాడమన్నారు. మా ఇంట్లో చక్కెర జబ్బు వచ్చాక కూడా ఉగాదికి ఓళిగలు మానలేదని, ఆ సంగతి అందరికీ చెబితే ఉపయోగపడుతుందని కార్యదర్శి గారు పట్టుబట్టారు. నేను వంటవాడిని కాను, వైద్యుడిని అంతకన్నా కాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సబ్‌ట్రెజరీల్లో పాతికేళ్లకు పైగా లెక్కలు చూసిన వాడిని. అందుచేత ఈ విషయాన్ని కూడా లెక్కగానే చెబుతాను. వైద్యం సంగతి వచ్చిన చోట మీ డాక్టరు గారి మాటే మీకు ప్రమాణం.

ముందుగా మనం మాట్లాడుకునే పదార్థం ఏదో తేల్చుకుందాం. కోస్తా వారు బొబ్బట్లు అంటారు, తెలంగాణ వారు భక్ష్యాలు అంటారు. మనం ఓళిగలు అంటాం. కుప్పం వైపు పోతే ఒక వీధిలో ఒబ్బట్టు, పక్క వీధిలో పోళి. మూడు రాష్ట్రాలు కలిసే చోటు కదా! పేరు ఏదైనా లోపల ఉండేవి శెనగబేడలు, బెల్లం, ఏలక్కాయలు. పైన పలుచని పిండి, ఆ పైన నెయ్యి. ఉగాది నాడు ఓళిగ లేని ఆకు మన వైపు ఆకే కాదు.

ఇక రెండవ సంగతి, చక్కెర జబ్బు. భారత వైద్య పరిశోధన మండలి వారు దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. ఆ అంచనా ప్రకారం మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి ఈ జబ్బు ఉంది. పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా అన్నమాట. ఇంకో 15 మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఈ హాలులో కూర్చున్న మన వయసు వారిని చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో మీకే తెలుసు.

మా ఇంటామెకు ఈ జబ్బు బయటపడిన ఏడాది ఉగాదికి జరిగింది చెబుతాను. నలభై ఏళ్లుగా మా ఇంట్లో ఓళిగలు ఆమె చేతివే. ఆ ఏడాది కూడా తెల్లవారుజామునే లేచి, బేడలు ఉడకేసి, పూర్ణం రుబ్బి, నలభై ఓళిగలు కాల్చింది. అందరికీ వడ్డించింది. తన ఆకులో మాత్రం పెరుగన్నం, ఊరగాయ పెట్టుకుని కూర్చుంది. మా మనవరాలికి అప్పుడు ఆరేళ్లు. "అవ్వా, నీకెందుకు లేదు?" అని అడిగింది. "నాకు వద్దులేమ్మా" అంది. ఎవరం ఏమీ మాట్లాడలేదు. తిన్న ఓళిగ ఎవరికీ రుచించలేదు. మరుసటి ఏడు ఉగాది వారం ఉందనగా, "ఈసారి అంగట్లో కొనుక్కుందాం లెండి, నాకు ఓపిక లేదు" అన్నది. ఆమెకు ఓపిక లేక కాదని ఇంట్లో అందరికీ తెలుసు.

జబ్బు ఒక మనిషికి వస్తుంది. ఆకు వేరైతే ఆ మనిషి పండుగకు పరాయిదైపోతుంది. కాబట్టి మా కోడలు, నేను కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాము. రోగికి వేరే ఓళిగ, మిగతా వారికి వేరే ఓళిగ అనే పద్ధతి వద్దు. ఇంటికంతటికీ ఒకటే పూర్ణం, ఒకటే పెనం. ఆమె తినగలిగేదే అందరం తినాలి. అదీ ఆమె చేతే చేయించాలి. అప్పుడు మొదలుపెట్టాను లెక్క.

పాత పద్ధతి లెక్క వినండి. పావు కిలో శెనగబేడలు, పావు కిలో బెల్లం, పైపిండికి పావు కిలో మైదా. పెద్ద నిమ్మకాయంత పూర్ణం పెడితే 16 ఓళిగలు వస్తాయి. ఒక్కొక్క దానిలో బెల్లం, బేడలు, మైదా తలా పదిహేనున్నర గ్రాములు. ఒంట్లోకి వెళ్లి చక్కెరగా మారే పిండిపదార్థం మూడింటిలోనూ ఉంది. బెల్లం నుంచి సుమారు 14 గ్రాములు, మైదా నుంచి 12, బేడల నుంచి 9. మొత్తం 35 గ్రాములు. గట్టిగా రెండు ఓళిగలు తిని, ఆ తరువాత అన్నం, చారు, పాయసం మామూలుగా కానిస్తే ఎంతవుతుందో ఊహించుకోండి.

ఈ ముగ్గురిలో అందరికంటే మంచివాడు ఎవరంటే శెనగబేడలు. అందులో పిండిపదార్థం ఉన్నా అది మెల్లగా అరుగుతుంది, రక్తంలోకి నిదానంగా చేరుతుంది. మాంసకృత్తులు, పీచు కూడా ఉన్నాయి. అంటే ఓళిగకు గుండెకాయ లాంటి పదార్థం మనకు శత్రువు కాదు. తగ్గించవలసింది బెల్లాన్ని, మైదాను.

ఇక్కడ ఒక మాట మనవి చేయాలి. "చక్కెర మానేసి బెల్లం వాడుతున్నాము, బెల్లం మంచిది కదా" అని మనలో చాలామంది అంటారు. మన చిత్తూరు బెల్లం మీద నాకూ అభిమానమే. కానీ బెల్లంలో నూటికి 80 పాళ్లకు పైగా ఉండేది చక్కెర జాతి పదార్థమే. కొద్దిగా ఇనుము, ఇతర లవణాలు ఉన్న మాట నిజమే. ఆ కొద్దిపాటి ఇనుము కోసం అంత చక్కెర తినడం, పది రూపాయల రసీదు కోసం వంద రూపాయలు బస్సుకు పెట్టినట్టు ఉంటుంది. తాటిబెల్లం, తేనె, ఖర్జూరం కూడా ఆ కుటుంబం వారే. ఏది వేసినా తూచి వేయవలసిందే.

మరి తీపి బిళ్లలు వేయవచ్చు కదా అంటారు. వీటిలో రకాలున్నాయి. ఆస్పర్టేమ్ అనేది వేడి తగిలితే తీపి పోగొట్టుకుంటుంది, పెనం మీద కాలే పదార్థానికి పనికిరాదు. సుక్రలోజ్ వేడికి ఆగుతుంది. అది చక్కెరకు 600 రెట్లు తీపి కాబట్టి చిటికెడుతో సరిపోతుంది. స్టీవియా ఆకు నుంచి తీసినది కొందరికి చివర్లో చేదు తగులుతుంది. వీటన్నిటిలో ఉన్న చిక్కు ఏమంటే, బెల్లం తీపి ఒక్కటే ఇవ్వదు. పూర్ణాన్ని పట్టి ఉంచుతుంది, తడి ఇస్తుంది, ఆ రంగు, వాసన ఇస్తుంది. బిళ్ల ఆ పనులేవీ చేయదు. పైగా బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సలహా ఇచ్చింది. ఆ సలహా ఇప్పటికే చక్కెర జబ్బు ఉన్న వారిని ఉద్దేశించినది కాదని అందులోనే చెప్పారు. కనుక వాడేవారు డాక్టరు గారిని అడిగి వాడుకోవచ్చు. మా ఇంట్లో మాత్రం బెల్లమే ఉంచి, దాని పాలు తగ్గించాము.

ఎంత తగ్గించాము? మూడవ వంతుకు తెచ్చాము. కానీ ఒక్కసారిగా తేలేదు. నాలుక కూడా పాత ఉద్యోగి లాంటిది, కొత్త ఉత్తర్వులు వెంటనే అమలు చేయదు. 250 గ్రాములు ఉన్న బెల్లం మొదట 180 చేశాము. శ్రీరామనవమికి ఒకసారి, మామిడి పండ్ల కాలంలో బంధువులు వచ్చినప్పుడు ఒకసారి చేసుకుని 120కి దిగాము. వినాయక చవితి నాటికి 80 గ్రాములు. ఆ 80 గ్రాముల ఓళిగ తిని మా పెద్దబ్బాయి "బాగుంది" అన్నాడే కానీ తీపి తక్కువైందని అనలేదు.

ఇప్పుడు మేము చేసే పద్ధతి చెబుతాను. అమ్మలు రాసుకోవచ్చు.

శెనగబేడలు పావు కిలో గంటసేపు నానబెట్టి, వేలితో నొక్కితే మెదిగేటట్టు ఉడికించాలి. నీళ్లు వంచేయాలి. ఆ నీళ్లు పారబోయవద్దు, వాటి పని తరువాత చెబుతాను. 80 గ్రాముల బెల్లాన్ని రెండు చెంచాల నీళ్లతో కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి, బేడలలో కలిపి సన్నని సెగ మీద దగ్గర పడనివ్వాలి. బెల్లం తగ్గితే పూర్ణం పొడిపొడిగా అయి, తట్టేటప్పుడు చీలిపోతుంది. దానికి రెండు ఉపాయాలు. బేడలను పాత పద్ధతి కంటే కొంచెం మెత్తగా ఉడికించడం ఒకటి. గుప్పెడు పచ్చి టెంకాయ తురుము వేసి మెత్తగా రుబ్బడం రెండవది. టెంకాయ పూర్ణానికి తడి, కమ్మదనం ఇస్తుంది. ఏలక్కాయల పొడి మామూలు కంటే రెట్టింపు వేయాలి. కొద్దిగా శొంఠి, జాజికాయ గీరిన పొడి, చిటికెడు ఉప్పు. ఆ ఉప్పు, ఏలక్కాయల వాసన కలిసి ఉన్న తీపినే ఎక్కువగా తోపిస్తాయి. ఈ కిటుకు మా ఇంటామెది.

పైపిండికి మైదా బదులు 200 గ్రాముల గోధుమ పిండి జల్లించి, చిటికెడు పసుపు వేసి, జారుగా కలిపి, రెండు చెంచాల నూనె పోసి రెండు గంటలు మూత పెట్టాలి. గోధుమ పిండి మైదా అంతగా సాగదు, నానితేనే మాట వింటుంది. పూర్ణం పెద్ద నిమ్మకాయంత కాకుండా ఉసిరికాయంత చేసుకోవాలి. అప్పుడు 24 ఓళిగలు వస్తాయి. అరటాకు మీద నూనె రాసి పలుచగా తట్టి, పెనం మీద రెండు వైపులా కాల్చి, దించేటప్పుడు అర చెంచా నెయ్యి రాస్తే చాలు. నెయ్యి ఒక చెంచాకు 45 క్యాలరీలు అని గుర్తుంచుకుంటే చెయ్యి దానంతట అదే వెనక్కు వస్తుంది.

ఈ ఓళిగ లెక్క చూడండి. ఒక్కొక్క దానిలో బెల్లం మూడు గ్రాముల పైచిలుకు మాత్రమే. పిండిపదార్థం అంతా కలిపి సుమారు 15 గ్రాములు. పాతది ఒకటి 35 అయితే కొత్తవి రెండు కలిపినా 30 దాటవు. నూరు గ్రాముల వండిన అన్నంలో ఉండేదీ ఇంచుమించు అంతే. కనుక రెండు ఓళిగలు వేసుకున్న వారు ఆకులో ఆ మేరకు అన్నం తగ్గించుకోవాలి. ఓళిగ అన్నానికి అదనం కాదు, అన్నంలో కోత. ట్రెజరీ భాషలో చెప్పాలంటే ఒక పద్దులో మిగిల్చి ఇంకో పద్దుకు మళ్లించడం. పాయసం ఆ రోజుకు వద్దు.

వంచిన నీళ్ల సంగతి చెబుతానన్నాను. వాటితోనే ఓళిగల చారు. చింతపండు పులుసు, మిరియాలు, జీలకర్ర, కరివేపాకు, ఇంగువ తాలింపు. పాత పద్ధతిలో ఇందులో గుప్పెడు పూర్ణం కలిపేవారు, మేము చెంచాడు కలుపుతాము. ముందు ఈ చారు తాగి, కూరలు, కోసంబరి తిని, ఆ తరువాత ఓళిగ ముట్టుకుంటే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు.

పిల్లలకు, జబ్బు లేని వారికి తీపి చాలకపోతే ఏం చేయాలి? పక్కన చిన్న గిన్నెలో బెల్లపు పాకం పెడతాము. కావలసిన వారు తమ ఆకులో తాము వేసుకుంటారు. మొదటి ఏడు ఆ గిన్నె ఖాళీ అయింది. ఇప్పుడు సగం మిగులుతోంది. ఒక హెచ్చరిక. బెల్లం దండిగా ఉన్న పాత ఓళిగ రెండు మూడు రోజులు నిలవ ఉండేది, ఎందుకంటే తీపి దానిని కాపాడేది. ఈ ఓళిగకు ఆ కాపుదల లేదు, టెంకాయ కూడా ఉంది. చేసిన నాడే తినాలి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మరునాటికి ముగించాలి. దాచిపెట్టుకుని వారం తినే అవకాశం లేకపోవడం మన వంటి వారికి ఒక విధంగా మేలే.

ఇప్పుడు అసలు లెక్కకు వస్తాను. ఇది వింటే కొందరికి నా మీద కోపం రావచ్చు. ఓళిగలో బెల్లం తగ్గించడానికి ఇంత శ్రమ పడ్డాము కదా, మరి రోజూ తాగే కాఫీ సంగతేమిటి? రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు, చెంచా 5 గ్రాములు. రోజుకు 40 గ్రాముల చక్కెర. నెలకు కిలో 200 గ్రాములు. ఏడాదికి 14 కిలోల 600 గ్రాములు. ఏడాదిలో ఆరు పండుగలకు, పండుగకు రెండు చొప్పున పాత పద్ధతి ఓళిగలే తిన్నాం అనుకోండి. పన్నెండు ఓళిగల బెల్లం 200 గ్రాములకు లోపు. 14 కిలోల పద్దును వదిలిపెట్టి 200 గ్రాముల పద్దు మీద ఆడిట్ అభ్యంతరం రాస్తున్నాం. ఏ ఆఫీసులోనైనా చెల్లుతుందా ఇది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అందరి కోసం ఒక హద్దు చెప్పింది. విడిగా కలుపుకునే చక్కెరలు రోజు మొత్తం ఆహార శక్తిలో పదో వంతుకు మించకూడదు, ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే ఇంకా మేలు అని. మామూలు ఆహారం తినే మనిషికి ఇరవయ్యో వంతు అంటే సుమారు 25 గ్రాములు, అంటే అయిదు చెంచాలు. మూడో కప్పు కాఫీకే మనం దాన్ని దాటిపోతున్నాం. ఇక మన ఊరి పేరే అంగళ్లు. రోడ్డు మీద టమోటా లారీల పక్కనే బేకరీలు. మన చిన్నప్పుడు తీపి పండుగకే వచ్చేది, తిరునాళ్లకు వచ్చేది. ఇప్పుడు సాయంత్రం నడకకు పోయినా ఎదురవుతుంది. పండుగ నాటి తీపి నిలవాలంటే పండుగ కాని నాటి తీపి పోవాలి. మా ఇంట్లో కాఫీలో చక్కెర రెండు చెంచాల నుంచి ఒకటిన్నర, ఒకటి, అర, ఇలా రెండు నెలల్లో సున్నా చేశాము. జబ్బు లేకపోయినా నేనూ మానేశాను. ఆకు ఒకటే అన్నప్పుడు కప్పు కూడా ఒకటే కావాలి కదా.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఒకటి, ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు మింగేవారు ఓళిగ తినబోతున్నామని ఉదయం తిండి మానకూడదు. చక్కెర పడిపోయి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. అలా వచ్చినప్పుడు ఈ ఓళిగ పనికిరాదు. బేడలు, నెయ్యి నిదానం చేస్తాయి. మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్ష చూసుకోవాలి. మనిషి తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. రెండు, పండుగ అని సొంతంగా మాత్ర పెంచుకోవద్దు. మూడు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి బేడలు, టెంకాయ ఎంతవరకో డాక్టరు గారే చెప్పాలి. నాలుగు, ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఉంది కాబట్టి బెల్లం లెక్కలోకి రాదనుకోవద్దు. చేదు తీపిని కొట్టివేయదు. చెంచాడు ప్రసాదంగా చాలు.

అయిదవది ముఖ్యమైనది. నా లెక్క కంటే మీ ఒంటి లెక్క గొప్పది. ఇంట్లో పరీక్ష యంత్రం ఉంటే భోజనానికి ముందొకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకొకసారి చూడండి. తిన్న తరువాత 180 లోపు ఉండాలని సాధారణంగా చెబుతారు. బాగా వయసు మళ్లిన వారికి కొంత సడలింపు ఉంటుంది. కిందటి ఉగాదికి మా ఇంటామెకు తినకముందు 126, రెండు ఓళిగలు తిన్న రెండు గంటలకు 161. నెయ్యి వల్ల ఆలస్యంగా పెరుగుతుందేమోనని మూడో గంటకు కూడా చూశాము, 152. మీకు వేరుగా రావచ్చు. మీది మీరు చూసుకుని ఒకటా, రెండా తేల్చుకోవాలి.

ఈ ఉగాదికి మా ఇంట్లో 48 ఓళిగలకు బేడలు తెచ్చి పెట్టాము. కాల్చేది మా ఇంటామె, తట్టేది మా మనవరాలు. తూచేది మాత్రం నేనే, ఆ ఉద్యోగం ఇంకా ఎవరికీ అప్పగించలేదు.

సభ్యులందరికీ ఒక్క విన్నపం. వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు మీ ఇంట్లో నెలకు ఎన్ని కిలోల చక్కెర కొంటున్నారో, అందులో కాఫీ, టీలకు ఎంత పోతుందో ఒక చీటీ మీద రాసి తీసుకురండి. పేరు రాయనక్కరలేదు. ఆ మొత్తం కూడి ఇక్కడే చదువుదాం. మన సమావేశాల్లో ఇచ్చే కాఫీలో చక్కెర కలపకుండా విడిగా గిన్నెలో పెట్టించమని కార్యదర్శి గారిని ఈ సందర్భంగా కోరుతున్నాను.